పాలగ్లాసులో వచ్చిన పన్ను: ఒక కేసు వివరాలు

పన్నెండేళ్ళ అబ్బాయి. పైవరసలో ఎడమవైపు ముందుపన్ను వేరుతో సహా ఊడి బయటికొచ్చింది. గ్లాసుడు పాలలో వేసి తెచ్చారు. దెబ్బ తగిలినప్పటి నుంచి పన్ను మళ్ళీ దాని గూట్లో కూర్చునేదాకా 60 నిమిషాలు పట్టింది. అందులో పన్ను గాలికి ఆరింది 10 నిమిషాలు, మిగతా 50 నిమిషాలు పాలలోనో నా చేతిలోనో ఉంది.

పిల్లల దంతవైద్యంలో ఇలాంటి కేసు అరుదేమీ కాదు. నేను చేసిన చికిత్సలో కొత్తదనం కూడా లేదు. అయినా మొదటి నుంచి చివరిదాకా రాసిపెడుతున్నానంటే, ఆ 10 నిమిషాల తర్వాత పన్ను నీళ్ళలోకి కాకుండా పాలలోకే ఎందుకు వెళ్ళిందో చెప్పాలని. దాని వెనక ఒక మాస్టారు ఉన్నారు. ఆయన దంతవైద్యులు కారు. ఈ అబ్బాయిని ఆయన చూసిందీ లేదు.

అబ్బాయి తల్లిదండ్రుల అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టేలాంటి వివరాలన్నీ తీసేశాను.

ఇంట్లో జరిగింది

బడికి సెలవులిచ్చి నాలుగో రోజు. తల్లిదండ్రులిద్దరూ ఆఫీసుల్లో ఉన్నారు. ఇంట్లో అమ్మమ్మ, పదో తరగతి పూర్తిచేసిన అక్క, ఈ అబ్బాయి. మధ్యాహ్నం నాలుగు దాటింది. చదువుకునే బల్ల దగ్గరుండే చక్రాల కుర్చీని హాల్లోకి లాక్కొచ్చారు. అబ్బాయి దానిమీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు, అక్క వెనక నుంచి తోస్తోంది. మూడో చుట్టులో ముందు చక్రం కార్పెట్ అంచుకు తట్టుకుంది. కుర్చీ ఆగిపోయింది, అబ్బాయి ఆగలేదు. మూతి వెళ్ళి టీపాయ్ అంచుకు కొట్టుకుంది.

సెలవుల్లో నా దగ్గరికి వచ్చే దెబ్బలు చాలావరకు ఇలాంటివే. మంచం మీద నుంచి సోఫా మీదికి దూకడం, తడి బాత్రూంలో పరిగెత్తడం, సీసా మూత పళ్ళతో తీయబోవడం. బడి ఉన్న రోజుల్లో పిల్లలకు ఆడుకోవడానికి మైదానం ఉంటుంది, చూసే పెద్దవాళ్ళుంటారు. సెలవుల్లో అదే పరుగు నాలుగు గోడల మధ్యకు వస్తుంది. తోసినందుకు ఆ అక్కని ఎవరూ ఏమీ అనకూడదని నేను మొదటిరోజే ఇంట్లోవాళ్ళకు చెప్పాను. అప్పటికే ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉంది.

4:10కి దెబ్బ తగిలింది. నోటినిండా రక్తం. పన్ను ఉండాల్సిన చోట ఖాళీ కనిపించేసరికి మింగేశాడేమోనని భయపడ్డారు. అమ్మమ్మ శుభ్రమైన గుడ్డ మడిచి అక్కడ పెట్టి, గట్టిగా కరిచిపట్టుకోమంది. అక్క నేలంతా వెతికింది. సోఫా కింద గోడవారగా దుమ్ములో పన్ను దొరికేసరికి 4:18 అయింది.

అక్క దాన్ని తీసుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తింది. దుమ్ము పోయేలా తోమి, గ్లాసు నీళ్ళలో వేద్దామని. సరిగ్గా అక్కడ అమ్మమ్మ కేక వేసిందట.

"వద్దే, నీళ్ళలో వద్దు! కణాలు పగిలిపోతాయి!"

"ఏం కణాలు అమ్మమ్మా?" అని అడిగిందట ఆ పిల్ల. జవాబు చెప్పే తీరిక ఆవిడకు లేదు. ఫ్రిజ్‌లోంచి పాలు తీసి గ్లాసులో పోసి, పన్నుని తోమకుండా, తెల్లటి భాగం దగ్గరే పట్టుకుని అందులో వేయించింది. అప్పటికి 4:20.

అప్పుడు మాకు ఫోన్ చేశారు. పాలలో వేశామనగానే నా ప్రాణం కుదుటపడింది. "ఆ పన్నుని మీరే దాని గూట్లో పెట్టగలరా అమ్మా?" అని అడిగాను. నిజానికి అన్నిటికంటే మంచి పద్ధతి అదే. శాశ్వతమైన పన్నయితే, తలకు దెబ్బ తగలకుండా పిల్లవాడు స్పృహలో ఉంటే, పన్నుని వేరు ముట్టుకోకుండా తెల్లటి భాగం దగ్గర పట్టుకుని, మురికి ఉంటే పాలతోనో సెలైన్‌తోనో పిల్లవాడి ఉమ్మితోనో మెల్లగా కడిగి, గూట్లోకి నొక్కి, గుడ్డ కరిపించి తీసుకురావాలి. ఆవిడ, "చేతులు వణుకుతున్నాయి డాక్టరుగారూ, తిప్పి పెట్టేస్తానేమో" అంది. బలవంతం చేయలేదు. భయంతో ఉన్న మనిషి, ఏడుస్తున్న పిల్లవాడు. అలాంటప్పుడు పాలగ్లాసు మంచి దారే. 4:55కి వచ్చారు.

మా గదిలో

ముందు పన్ను సంగతి పక్కనపెట్టి పిల్లవాణ్ణి చూశాను. స్పృహ తప్పిందా, వాంతి అయిందా, మత్తుగా ఉన్నాడా, దవడ తెరిచినప్పుడు పక్కకు లాగుతోందా. అవేవీ లేవు. పైపెదవి లోపలివైపు ఒక సెంటీమీటరు చీలింది. పెదవిలో పంటిముక్కలేమైనా ఇరుక్కున్నాయేమోనని వేలితో తడిమి, ఎక్స్‌రే తీసి చూశాను. లేవు. కుడి ముందుపన్ను చోటు కదల్లేదుగాని ముట్టుకుంటే నొప్పి, కొంచెం ఊగుతోంది. పంటి లోపలి నరం పనిచేస్తోందో లేదో చూసే చల్లదనం పరీక్షకు అది స్పందించలేదు.

ఈలోగా పన్ను ఆ పాలలోనే ఉంది. గ్లాసుని నెమ్మదిగా కదుపుతుంటే అంటుకున్న దుమ్ము ఊడి అడుక్కి చేరింది. బయటికి తీసి వెలుగులో చూశాను. పన్ను ఎక్కడా విరగలేదు. వేరు కొన మూసుకుపోయింది. ఆ వయసుకు ముందుపళ్ళ వేళ్ళు సాధారణంగా పూర్తిగా పెరిగిపోయి ఉంటాయి. వేరు చుట్టూ లేత ఎరుపు రంగులో, తడిగా, పలచటి పొర అంటుకుని ఉంది. మిల్లీమీటరులో ఐదో వంతు మందం కూడా ఉంటుందో ఉండదో. నాకు కావలసింది అదే.

మత్తు సూది ఇచ్చాను. రక్తనాళాలను బిగించే మందు కలవనిది. గూట్లో గడ్డకట్టిన రక్తాన్ని సెలైన్ ధారతో కడిగాను. గూటి గోడలు విరగలేదు. పన్నుని వేలితో కొద్దికొద్దిగా నొక్కుతూ పైకి తోశాను. బలం వాడలేదు. చివర్లో చిన్నగా ఆనినట్టు తెలిసింది. 5:10. ఎక్స్‌రేలో సరిగ్గా కూర్చుంది. 0.4 మిల్లీమీటర్ల తీగతో రెండువైపుల పళ్ళకూ కలిపి స్ప్లింట్ వేశాను. గట్టిగా బిగించలేదు, పన్ను కొంచెం ఆడేలా వదిలాను. పెదవికి రెండు కుట్లు. అమోక్సిసిలిన్ అనే యాంటీబయోటిక్ రాశాను. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో కనుక్కుని, వాళ్ళ పిల్లల డాక్టరు దగ్గరికి పంపాను. రెండు వారాలు మెత్తటి ఆహారం, తిన్న ప్రతిసారీ మెత్తటి బ్రష్, రోజుకు రెండుసార్లు 0.12 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలింత. అంతర్జాతీయ దంతగాయాల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదంతా ఉంది, నేను దాన్నే అనుసరించాను.

కణాలు పగిలిపోతాయి అన్న మాట

స్ప్లింట్ వేయడం అయ్యాక అబ్బాయి నాలుక అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే, నేను అమ్మమ్మగారి పక్కన కూర్చున్నాను. "నీళ్ళు వద్దని మీకెవరు చెప్పారమ్మా?" అని అడిగాను. టీవీలో చూశాననో, ఫోన్‌లో ఎవరో పంపారనో అంటుందనుకున్నాను.

"మా సైన్సు మాస్టారు" అంది.

ఎనిమిదో తరగతిలోనట. ఇప్పటికి యాభై ఏళ్ళు దాటింది. మాస్టారు జేబురుమాలులో చుట్టి కోడిగుడ్డు తెచ్చారు. దాన్ని పలచని ఆమ్లంలో పెడితే చుట్టూ బుడగలు లేచాయి. పెంకు కరిగిపోయి, గుడ్డు పలచటి పొరతో మిగిలింది. "వెనక బెంచీవాళ్ళు ముందు రండి" అన్నారట. ఆయన ఎప్పుడూ అలాగే పిలిచేవారట, ఈవిడ ఎప్పుడూ వెనక బెంచీయే. ఆ గుడ్డుని ఒక్కొక్కరి అరచేతిలో పెట్టారు. "చల్లగా, మెత్తగా, ఊపిరున్న వస్తువులా ఉంది డాక్టరుగారూ. నా చేతిలో చచ్చిపోతుందేమోనని భయమేసింది" అంది. దాని చుట్టుకొలతను దారంతో కొలిపించారు. తర్వాత మంచినీళ్ళలో వేశారు. మర్నాడు అదే దారం గుడ్డు చుట్టూ చాల్లేదు. ఉబ్బింది. తీసి చిక్కటి ఉప్పునీళ్ళలో వేస్తే ఆ మర్నాటికి దారం వదులైపోయింది, గుడ్డు ముడతలు పడింది. "మీ ఒంట్లో ఉన్న ప్రతి కణమూ ఇలాంటి గుడ్డే" అన్నారట మాస్టారు. "దాన్ని ఊరికే నీళ్ళలో పడేస్తే నీళ్ళు తాగి తాగి పగిలిపోతుంది."

పన్ను గురించి ఆయన ఒక్కమాటా చెప్పలేదు. ఊడిన పంటికి బతికున్న కణాలు అంటుకుని ఉంటాయని ఈవిడకు కూడా కచ్చితంగా తెలియదు. "వేరుకి ఎర్రగా ఏదో అంటుకుని ఉంది. మాంసమే కదా, దానిక్కూడా కణాలుంటాయి కదా అనిపించింది. నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. ఉప్పునీళ్ళంటే ఎంత ఉప్పు వేయాలో నాకు తెలీదు, ఎక్కువైతే ముడుచుకుపోతుంది. పాలు పిల్లల కోసం పుట్టినవే కదా, వాటిల్లో అన్నీ సమానంగా ఉంటాయని వేశాను" అంది.

ఆవిడ ఆలోచించిన ప్రతి మెట్టూ సరైనదే. ఊడిన పన్ను బతుకంతా వేరు చుట్టూ ఉన్న ఆ పొరలోనే ఉంది. దాన్ని మేము పెరియోడాంటల్ లిగమెంట్ అంటాం. పన్నుకీ ఎముకకీ మధ్య ఊయలలాంటిది అది. గాలికి ఎండితే అందులోని కణాలు నిమిషాల లెక్కన చచ్చిపోతాయి. 60 నిమిషాలు ఎండితే ఇక బతికి ఉండవనే లెక్కతోనే మేము చికిత్స మొదలుపెడతాం. మంచినీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి నీళ్ళు కణాల్లోకి చొచ్చుకుపోయి వాటిని పగలగొడతాయి, అచ్చం ఆ గుడ్డులాగే. పాలలో లవణాలూ చక్కెరా కలిసిన గాఢత మన కణాలకు దగ్గరగా ఉంటుంది, ఆమ్లగుణం కూడా తటస్థానికి దగ్గరే. అందుకే కణాలు పాలలో కొన్ని గంటలు ఓర్చుకోగలవు. స్వీడన్ పరిశోధకుడు బ్లోమ్‌లోఫ్ ఈ విషయాన్ని 1981లోనే ప్రచురించాడు. అంతకుముందు 1966లో డెన్మార్క్‌లో ఆండ్రియాసెన్, తన సహచరుడితో కలిసి, ఊడిపోయి తిరిగి పెట్టిన 110 పళ్ళను పరిశీలించి, బయట గడిచిన సమయమే పన్ను భవిష్యత్తును నిర్ణయిస్తుందని చూపించాడు. అరగంటలోపు పెట్టినవి చాలావరకు నిలిచాయి, రెండు గంటలు దాటినవి దాదాపు అన్నీ వేరు అరిగిపోయాయి.

ఒక్క సవరణ మాత్రం ఆవిడకు చెప్పాను, ఇక్కడా చెబుతాను. ఇంకేమీ దొరకనప్పుడు గాలికి ఎండనివ్వడం కన్నా నీళ్ళే నయం. పిల్లవాడే గ్లాసులో ఉమ్మితే ఆ ఉమ్మిలో వేసినా సరే. పాలపళ్ళు ఊడితే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి పెట్టకూడదు, కింద పెరుగుతున్న అసలు పన్ను దెబ్బతింటుంది.

తర్వాతి నెలలు

పదో రోజున రూట్ కెనాల్ మొదలుపెట్టాను. వేరు కొన మూసుకుపోయిన పంటికి లోపలి నరం మళ్ళీ బతకదు. దాన్ని అలాగే వదిలేస్తే చీము పట్టి వేరుని లోపలి నుంచి తినేస్తుంది. అందుకే రెండు వారాలు దాటనివ్వం. లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు పెట్టి, నెల తర్వాత గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో మూశాను. పద్నాలుగో రోజున స్ప్లింట్ తీశాను.

నాలుగో వారం పరీక్షలో నాకు నిద్ర పట్టని సంగతి ఒకటి ఎదురైంది. అద్దం పిడితో తట్టితే ఆ పన్ను శబ్దం పక్కవాటికంటే కొంచెం గట్టిగా వినిపించింది. లిగమెంట్ చచ్చిపోయి ఎముక నేరుగా వేరుకి అతుక్కుంటే పన్ను లోహాన్ని తట్టినట్టు మోగుతుంది. ఎదిగే పిల్లల్లో అది పెద్ద ఇబ్బంది. పక్క పళ్ళు దవడతోపాటు కిందికి దిగుతుంటే ఆ పన్ను పైనే ఉండిపోతుంది, ఏళ్ళ తరబడి వేరు ఎముకగా మారిపోతుంది.

ఇక్కడ నా టీచరు గురించి చెప్పాలి. ఆరో తరగతిలో మా సైన్సు టీచరు ఒక్కొక్కరికి ఒక్కో ఆకు ఇచ్చి, చూసింది రాయమన్నారు. నేను "ఎండిపోయిన ఆకు" అని రాసి ఇచ్చాను. ఆవిడ నా పక్కన కూర్చుని, "ఎండిపోయిందని నువ్వు అనుకుంటున్నావు నాన్నా. నీ కళ్ళకు కనిపించిందేమిటి?" అన్నారు. మళ్ళీ చూశాను. అంచులు గోధుమరంగు. ఒకపక్కకు చుట్టుకుంది. ఈనె పక్కన ఇంకా పచ్చగా ఉంది. నా నోటుబుక్కు తీసుకుని పేజీ మధ్యలో గీత గీశారు. ఎడమవైపు "చూసింది", కుడివైపు "అనుకుంది". ఆవిడ గుండ్రటి చేతిరాత ఇప్పటికీ కళ్ళముందుంది. నా కేసు కాగితాలన్నిటిలోనూ ఆ గీత ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక్క పేజీ కూడా ఆ గీత లేకుండా రాయలేదు.

ఆరోజు పేజీలో ఎడమవైపు ఇలా ఉంది: "తడితే పక్క పన్ను కన్నా కొద్దిగా గట్టి శబ్దం. వేలితో కదిపితే మామూలు కదలిక ఉంది. ఎక్స్‌రేలో వేరు చుట్టూ నల్లటి గీత తెగలేదు." కుడివైపు: "అతుక్కుపోతోందా?" ఒక్క శబ్దాన్నే నమ్మి ఉంటే ఆరోజే తల్లిదండ్రులకు చెడు కబురు చెప్పేసేవాణ్ణి. ఆ నల్లటి గీత లిగమెంట్ ఉన్న చోటు. ఎడమవైపు ఉన్న మూడు వాక్యాల్లో రెండు, కుడివైపు దానికి ఎదురు చెబుతున్నాయి. అందుకే ఆగాను. మూడో నెలలో రెండు పళ్ళూ ఒకేలా మోగాయి. కుడి ముందుపన్ను కూడా చల్లదనానికి స్పందించడం మొదలుపెట్టింది.

ఆరో నెల ఎక్స్‌రేలో వేరు మధ్యభాగంలో చిన్న గుంట కనిపించింది. సాసరులాగా లోతు లేనిది, దాని మీదుగా కూడా లిగమెంట్ గీత వంపు తిరిగి కొనసాగుతోంది. ఏడాదికి తీసినదాంట్లో అది పెరగలేదు. పైపైన అరిగి, దానంతటదే మానిన గాయం అది. ఇంతవరకు పన్ను బాగుంది. కానీ ఇలాంటి పళ్ళను కనీసం ఐదేళ్ళు చూడాలి. అప్పటిదాకా "నయమైంది" అన్న మాటను కుడివైపు కూడా రాయను.

ఈ కేసుకి కొంతకాలం ముందు ఇంకో అబ్బాయి ఇదే వయసులో ఇదే పన్నుతో వచ్చాడు. చాలా జాగ్రత్తగల కుటుంబం. పన్నుని బాగా తోమి, తుడిచి, టిష్యూ కాగితంలో చుట్టి, మూడు గంటల తర్వాత తెచ్చారు. తళతళా మెరుస్తోంది. దానిమీద బతికున్న కణం ఒక్కటీ లేదు. తిరిగి పెట్టాను, ఎముక ఎత్తు నిలవడానికైనా పనికొస్తుందని. ఏడాది తిరిగేలోగా లోహంలా మోగింది. వాళ్ళు చేసింది ప్రేమతోనే. ఎలా చేయాలో చెప్పేవాళ్ళు వాళ్ళకు ఎదురుకాలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అప్పటి నుంచి సెలవులకు ముందు వారంలో బడులకు వెళ్తున్నాను. మొదట్లో పెద్ద పెద్ద బొమ్మలు తెరమీద చూపించేవాణ్ణి. ఈ కేసు తర్వాత అవి మానేశాను. పెంకు తీసిన గుడ్లు రెండు తీసుకెళ్తున్నాను, ఒకటి నీళ్ళలో, ఒకటి పాలలో ముందురోజే నానబెట్టి. పిల్లల చేతుల్లో పెడతాను. వెనక బెంచీవాళ్ళని ముందు పిలుస్తాను. ఆ పాఠం చెప్పేది మాత్రం వాళ్ళ సైన్సు టీచరే, నేను పక్కన నిలబడతాను. ఎందుకంటే నేను ఏడాదికి ఒకసారి వచ్చే మనిషిని. రోజూ చూసే టీచరు చెప్పిన మాట పిల్లల్లో దిగినట్టు నా మాట దిగదు.

ఆ మాస్టారికి కబురు చెబుదామని అమ్మమ్మగారు పాత స్నేహితురాళ్ళ ద్వారా వాకబు చేసింది. ఆయన పోయి చాలా ఏళ్ళయిందట. ఏడాది పరీక్షకు వచ్చినప్పుడు ఆవిడ ఆ సంగతి చెప్పి కాసేపు మాట్లాడలేదు. అబ్బాయి మాత్రం సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి నా బల్లమీద పెట్టాడు. నా కాగితాల్లో గీత చూసి ఎందుకని ఒకసారి అడిగాడు, చెప్పాను. ఈ సెలవుల్లో అక్కా తనూ కలిసి గుడ్డు ప్రయోగం చేశారు. పేజీ మధ్యలో స్కేలుతో గీత గీశాడు. ఎడమవైపు: "మొదటి రోజు దారం సరిగ్గా సరిపోయింది. రెండో రోజు నీళ్ళ గుడ్డుకి వేలెడు చాల్లేదు. పాలలో గుడ్డు కూడా కొంచెం ఉబ్బింది, కానీ అర వేలు కూడా లేదు." కుడివైపు: "గుడ్డులో ఉప్పు పాలకన్నా ఎక్కువుందేమో. అమ్మమ్మని అడగాలి."